బ్యాటరీలు పెంచాలి, పడవ ఒరగకూడదు

ప్రశ్న: మాది 33 అడుగుల తెరచాప పడవ. బరువు దాదాపు 5 టన్నులు. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఒక బ్యాటరీ, మిగతా వాడకానికి రెండు 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ఏజీఎం బ్యాటరీలు (సీసం బ్యాటరీల్లో ఒక రకం) ఉన్నాయి. ఆ రెండూ వెనక ఎడమవైపు బెర్త్ కింద ఉన్నాయి. నేనూ మా ఆవిడా ఈ మధ్య రాత్రి ప్రయాణాలు మొదలుపెట్టాం. ఫ్రిజ్, ఆటోపైలట్ రెండూ నడిస్తే తెల్లారేసరికి వోల్టేజీ 12 దగ్గరికి పడిపోతోంది. ఇంకో రెండు బ్యాటరీలు వేద్దామనుకుంటున్నాను. కానీ పడవ ఇప్పటికే కొంచెం ఎడమకు ఒరిగి, వెనక కుంగి ఉంటుంది. కొత్తవి కుడివైపు కాక్‌పిట్ లాకర్‌లో పెడితే ఒరగడం తగ్గుతుందని ఒకరు, ముందు లంగరు గొలుసు అర పక్కన పెడితే వెనక కుంగడం తగ్గుతుందని ఇంకొకరు అంటున్నారు. లిథియంకి మారిపొమ్మని మూడో సలహా. ఏం చేయమంటారు?

సమాధానం: కుడి లాకర్ వద్దు. ముందు కొస అసలే వద్దు. నేనైతే ఉన్న రెండు ఏజీఎంలనూ వెనక నుంచి తీసేసి, వాటి బదులు మూడు 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను పడవ మధ్యలో, కీల్‌కి (పడవ అడుగున ఉండే బరువైన రెక్కకు) దగ్గరగా, సోఫా కింద పెట్టమంటాను. కాకపోతే ఇది బ్యాటరీలు మార్చినంత మాత్రాన అయిపోయే పని కాదు. చార్జింగ్ కూడా మార్చాలి. మీ పడవలో మీరే కొలిచి తేల్చుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. అన్నీ చెప్తాను.

ముందు అసలు ఎంత కరెంటు కావాలో చూద్దాం. మీరు ఉత్తరంలో ఆ లెక్క రాయలేదు కాబట్టి ఈ సైజు పడవల్లో మామూలుగా అయ్యే ఖర్చే తీసుకుంటున్నాను. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడుస్తున్నంతసేపూ 4, 5 ఆంపియర్లు లాగుతుంది. రోజులో సగంసేపు నడిస్తే 50 నుంచి 60 ఏహెచ్. ఆటోపైలట్ సగటున 3 ఆంపియర్లు తీసుకున్నా 24 గంటలకు 72. చార్ట్‌ప్లాటర్ (దారి చూపే తెర), మిగతా పరికరాలు కలిపి 35. వీహెచ్ఎఫ్ రేడియో వింటూ ఉండటానికే 10. లైట్లు, ఫోన్లు ఇంకో 10, 15. అంటే సముద్రం మీద ఒక రోజుకు దాదాపు 185 ఏహెచ్. లంగరు వేసుకుని ఉంటే ఆటోపైలట్ ఉండదు కాబట్టి 80, 90తో సరిపోతుంది.

సీసం బ్యాటరీని, ఏజీఎం అయినా సరే, సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. కాబట్టి మీ 200 ఏహెచ్‌లో నిశ్చింతగా వాడుకోగలిగింది 100 మాత్రమే. మీకు తెల్లారేసరికి టెన్షన్ ఎందుకు వస్తోందో ఇక్కడే తెలిసిపోతోంది. అయినా కొనేముందు పాత బ్యాటరీలను ఒక్కొక్కటిగా పరీక్షించండి. పూర్తిగా చార్జ్ చేసి, 5 ఆంపియర్ల లోడు 10 గంటలు పెట్టి, తర్వాత లోడు తీసేసి కొన్ని గంటలు అలా వదిలేసి వోల్టేజీ చూడండి. 12.1, 12.2 దగ్గర ఉంటే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టే. అంతకు బాగా తక్కువ ఉంటే కెపాసిటీ పోయింది. అలాంటి పాతవాటికి కొత్త ఏజీఎంలు జత చేయడం దండగ. పాతది కొత్తదాన్ని కూడా తనతో పాటు కిందికి లాగుతుంది. ఏజీఎంలోనే ఉండాలనుకుంటే నాలుగూ ఒకేసారి కొత్తవి కొనాలి. అప్పుడు 120 కిలోల బరువుకు మీకు దక్కేది 200 ఏహెచ్.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 100 ఏహెచ్‌ది 11 నుంచి 13 కిలోలు ఉంటుంది. అందులో 80 శాతం హాయిగా వాడుకోవచ్చు. మూడు పెడితే 33 నుంచి 39 కిలోలకు 240 ఏహెచ్. అంటే ఇప్పుడు మీరు మోస్తున్న 60 కిలోల కంటే తక్కువ బరువుతో రెండింతలకు పైగా కరెంటు. మీవి పగటి ప్రయాణాలే అయి, ప్రతి సాయంత్రం ఒడ్డు కరెంటు దొరికేదైతే మారమని ఒత్తిడి చేసేవాణ్ణి కాదు. రాత్రంతా ఆటోపైలట్ మీద నడిచే పడవకు మాత్రం ఈ తేడా చాలా పెద్దది.

ఇక బరువు సంగతి. మీ సలహాదారులిద్దరితోనూ నాకు పేచీ ఇక్కడే.

60 కిలోలు ఎక్కిస్తే పడవ ఎంత మునుగుతుందోనని చాలామంది కంగారుపడతారు. నిజానికి అది ఏమంత కాదు. మీ సైజు పడవ ఒక సెంటీమీటరు దిగాలంటే సుమారు 170 కిలోలు ఎక్కాలి. 60 కిలోలకు దిగేది 3, 4 మిల్లీమీటర్లే. అదే 60 కిలోలు ఎక్కడ కూర్చున్నాయన్న దాన్ని బట్టి మాత్రం పడవ నడక మారిపోతుంది. అందుకే బరువును దూరంతో గుణించి చూడాలి.

పక్కలకు చూద్దాం. పడవ మధ్య గీత నుంచి 1.2 మీటర్లు ఎడమకు 60 కిలోలు ఉన్నాయనుకోండి. గుణిస్తే 72. మెటాసెంట్రిక్ ఎత్తు (పడవ ఒరగకుండా ఎంత గట్టిగా నిలబడుతుందో చెప్పే కొలత) ఒక మీటరు ఉన్న 5 టన్నుల పడవను అది 0.8 డిగ్రీలు ఒరిగిస్తుంది. వినడానికి చిన్నదే. కానీ 3.3 మీటర్ల వెడల్పు మీద డెక్ ఎడమ అంచుకూ కుడి అంచుకూ మధ్య దాదాపు 5 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పక్కన నిలబడి చూసినవారికి ఇట్టే కనిపిస్తుంది. ముందువెనకలకు చూస్తే, అవే 60 కిలోలు మధ్య నుంచి 3 మీటర్లు వెనక ఉంటే 180. మీలాంటి పడవకు 55, 60కి ఒక సెంటీమీటరు చొప్పున తూగు మారుతుంది. అంటే ముక్కు లేవడం, వెనక కుంగడం రెండూ కలిపి 3 సెంటీమీటర్లు.

ఇప్పుడు మీ ఉత్తరం మళ్లీ చదవండి. మీ పడవ ఎడమకు ఒరుగుతోంది, వెనక కుంగుతోంది. ఆ 60 కిలోలు ఇప్పుడు ఉన్నది వెనక, ఎడమవైపు. మీరు చెప్పిన రెండు ఇబ్బందుల్లోనూ ఆ బ్యాటరీల వాటా పెద్దదే. వాటిని అక్కడి నుంచి తీస్తే చాలావరకు రెండూ సర్దుకుంటాయి. దానికోసం ఎదురుగా ఇంకో 60 కిలోలు ఎక్కించాల్సిన పని లేదు.

కుడి లాకర్ సలహా ఒరగడం వరకు సరిచేస్తుంది, నిజమే. కానీ ఆ లాకర్ ఇంకా వెనక్కి, మూడున్నర మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే ఇంకో మూడున్నర సెంటీమీటర్ల కుంగుడు. పైగా ఒకే బ్యాంకును (కలిపి వాడే బ్యాటరీల గుంపును) పడవకు చెరోవైపు చీల్చినట్టవుతుంది. ఒక జతకు పొట్టి కేబుల్, ఇంకో జతకు పొడుగు కేబుల్ పడతాయి. పొట్టి కేబుల్ ఉన్నవి ఎక్కువ పని చేస్తాయి, ముందే అరిగిపోతాయి. బ్యాటరీలు ఎప్పుడూ ఒకేచోట, ఒకే పొడవు కేబుళ్లతో బస్‌బార్‌కి (కేబుళ్లన్నీ కలిసే లోహపు పట్టీకి) కలిసి ఉండాలి. ఒరుగుడు సరిచేయడానికి పనిముట్ల పెట్టె, అదనపు లంగరు, తాగునీళ్ల క్యాన్లు ఉన్నాయి కదా. వాటిని ఇటు నుంచి అటు మార్చుకోవచ్చు.

ముందు కొస సలహా కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. 60 కిలోలు 4 మీటర్లు ముందుకు పెడితే 240, నాలుగు సెంటీమీటర్ల తూగు సరి అవుతుంది. లంగరు వేసి ఉన్న పడవ చూడటానికి చక్కగా ఉంటుంది. అలల్లోకి వెళ్లాక కథ వేరు. పడవ ముందువెనకలకు ఊగేటప్పుడు దూరం వర్గమై లెక్కలోకి వస్తుంది. మధ్య నుంచి ఒక మీటరు దూరంలో ఉన్న బరువు కంటే 4 మీటర్ల దూరంలో ఉన్న అదే బరువు ఊగుడు మీద 16 రెట్ల ప్రభావం చూపుతుంది. కావడి కొసల్లో బరువు వేలాడితే మనిషి చటుక్కున తిరగలేడు, అదే బరువు భుజం దగ్గర ఉంటే తిరగగలడు. ఇదీ అంతే. ఎదురు అలల్లో ముక్కు ఒకసారి దిగితే లేవడానికి ఆలస్యమవుతుంది, ఈలోపు తర్వాతి అల వచ్చి పడుతుంది. వేగం పోతుంది, డెక్ మీదికి నీళ్లొస్తాయి. అక్కడ ఇప్పటికే లంగరు, గొలుసు ఉన్నాయి. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు 1.4 కిలోలు, 50 మీటర్లుంటే 70 కిలోలు. దాని పక్కన ఇంకో 60 పెట్టడం పడవకు అన్యాయం.

దూరానికి కేబుల్ ఖర్చు కూడా ఉంది. 7 మీటర్ల దూరం అంటే రానూపోనూ 14 మీటర్ల కేబుల్. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయినా 100 ఆంపియర్ల దగ్గర 0.35 వోల్టులు అక్కడే పోతాయి. ఆ రాగి ఒక్కటే దాదాపు 9 కిలోలు.

అందుకే మధ్య సోఫా కింద, వీలైనంత కిందుగా, వీలైనంత మధ్య గీతకు దగ్గరగా అంటున్నాను. కిందుగా అంటే బిల్జ్ (నీళ్లు చేరే పడవ అడుగు భాగం) అడుగున కాదు. పడవలో కొంచెం నీళ్లు చేరినా టెర్మినళ్లకు తగలనంత ఎత్తులో ఉండాలి. ఇంజిన్‌కి దూరంగా ఉండటం ఇంకో లాభం, వేడి ఏ బ్యాటరీకీ మంచిది కాదు.

ఆ చోటు ఖాయం చేసేముందు రెండు విషయాలు చూడండి.

ఒకటి, ఆటోపైలట్ దిక్సూచి సెన్సార్. దాన్ని కూడా చాలా పడవల్లో సరిగ్గా ఇదే చోట బిగిస్తారు, ఊగుడు తక్కువని. వంద ఆంపియర్లు పారే తీగ దాని పక్కనుంచి వెళ్తే అది చూపే దిక్కు తప్పుతుంది. బ్యాటరీలకూ దానికీ మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి. ప్లస్, మైనస్ కేబుళ్లను విడివిడిగా కాకుండా ఒకదానికొకటి ఆనించి కట్టి తీసుకెళ్లండి, అప్పుడు వాటి అయస్కాంత ప్రభావం చాలావరకు చెల్లిపోతుంది. పని పూర్తయ్యాక పడవను ఒకే దిక్కున కట్టి ఉంచి, ఇన్వర్టర్ లాంటి పెద్ద లోడు ఆన్ చేసి, ఆఫ్ చేసి దిక్కు అంకె కదులుతోందేమో చూడండి. కదిలితే సెన్సార్‌నైనా కేబుళ్లనైనా జరపక తప్పదు. రాత్రిపూట ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా పడవ రెండు డిగ్రీలు తిరగడం ఎవరికీ వద్దు.

రెండోది, పడవ కట్టినవారి ఉద్దేశం. కొన్ని పడవల్లో కుడివైపు నీళ్ల ట్యాంకు ఉంటే దానికి సరితూగాలనే బ్యాటరీలను ఎడమన పెడతారు. మీ ట్యాంకు నిండా ఉన్నప్పుడు కూడా పడవ ఎడమకే ఒరుగుతోందా, ఖాళీ అయ్యాకనా? ఇది చూడకుండా బ్యాటరీలు తీస్తే ఈసారి కుడికి ఒరగొచ్చు.

ఇది ఊహించాల్సిన పని లేదు, నీళ్లతో పరీక్షించి తెలుసుకోవచ్చు. గాలి లేని ఉదయం పూట, తాళ్లు వదులుగా ఉంచి, ట్యాంకులు మీరు మామూలుగా ప్రయాణించే స్థాయిలో ఉంచి మొదలుపెట్టండి. డెక్ అంచు నుంచి నీటి వరకు ఎత్తును నాలుగు చోట్ల కొలవాలి: ముక్కు దగ్గర, వెనక కొసన, మధ్యలో ఎడమ, కుడి. అల్లల్లాడే నీటి మీద స్కేలు పెడితే అంకె నిలవదు. దానికో ఉపాయం ఉంది. స్కేలుకు ఒక పారదర్శక ప్లాస్టిక్ గొట్టం కట్టండి. గొట్టం అడుగు మూత పెట్టి, ఆ మూతకు చిన్న రంధ్రం మాత్రం వదలండి, పైభాగం తెరిచే ఉంచండి. దాన్ని నీళ్లలో నిలబెడితే బయట చిన్న అలలు ఆడుతున్నా గొట్టం లోపల నీటి మట్టం నిలకడగా ఉంటుంది. దాన్ని చదవండి. లోపల పైకప్పు నుంచి 1.5 మీటర్ల దారానికి బరువు కట్టి వేలాడదీయండి. ఆ బరువు ఒక బకెట్ నీళ్లలో మునిగి ఉంటే ఊగదు. దారం చివర 26 మిల్లీమీటర్లు జరిగితే ఒక డిగ్రీ ఒరిగినట్టు.

మొదటి కొలత రాసుకున్నాక పాత బ్యాటరీలు రెండూ విప్పి ఒడ్డుకు దింపండి. విప్పేటప్పుడు మైనస్ ముందు. ఇప్పుడు సోఫా కింద మీరు అనుకున్న చోట మొత్తం 40 లీటర్ల నీళ్ల క్యాన్లు పెట్టండి, ఒక లీటరు ఒక కిలో. మళ్లీ కొలవండి. కొలిచేటప్పుడు మీరిద్దరూ రెండుసార్లూ ఒకేచోట కూర్చోవాలి, మనిషి బరువు బ్యాటరీల కంటే ఎక్కువ. ఈ అరపూట పని ఏ లెక్క కంటే నమ్మకమైనది. నేను పైన చెప్పిన అంకెలన్నీ మీలాంటి పడవకు సుమారువే, మీ పడవ అసలు జవాబు ఆ గొట్టంలో కనిపిస్తుంది.

ఇక కరెంటు వైపు జాగ్రత్తలు. లిథియం బ్యాటరీకి లోపలి నిరోధం చాలా తక్కువ. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగే జనరేటర్) ఎంత ఇస్తే అంతా ఆపకుండా మింగుతుంది. మామూలు ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి సామర్థ్యంతో పనిచేయడానికి తయారైంది కాదు, వేడెక్కి కాలిపోతుంది. ఇంకో ప్రమాదం, బ్యాటరీలోని బీఎంఎస్ (దాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) ఏదైనా తేడా చూసి చటుక్కున తెగ్గొట్టిందనుకోండి, కరెంటుకు దారి లేక వోల్టేజీ ఎగసి ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. తేలికైన పరిష్కారం, ఆల్టర్నేటర్‌ను స్టార్టర్ బ్యాటరీకే కలిపి ఉంచడం. అది సీసందే ఉండనివ్వండి. అక్కడి నుంచి 30 ఆంపియర్ల డీసీ-టు-డీసీ చార్జర్ ద్వారా లిథియం బ్యాంకుకు పంపండి. ఇంజిన్ గంట నడిస్తే 30 ఏహెచ్ చేరతాయి. ఒడ్డు చార్జర్‌లోనూ సోలార్ కంట్రోలర్‌లోనూ లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూడండి. చార్జింగ్ వోల్టేజీ 14.2 నుంచి 14.4, బ్యాటరీ తయారీదారు చెప్పినట్టు పెట్టాలి. ఉష్ణోగ్రత సున్నా కంటే తక్కువ ఉంటే ఈ బ్యాటరీలను చార్జ్ చేయకూడదు. చలి ప్రాంతాలకు వెళ్తే ఆ రక్షణ బీఎంఎస్‌లో ఉన్నదే కొనండి.

మూడు బ్యాటరీలను కలిపే ముందు ఒక్కొక్కదాన్నీ విడిగా పూర్తిగా చార్జ్ చేయాలి. ఒకటి నిండుగా, ఒకటి సగంగా ఉండగా కలిపితే వాటి మధ్య భారీగా కరెంటు పారుతుంది. బ్యాంకుకు క్లాస్ టీ ఫ్యూజు (భారీ షార్ట్ కరెంటును కూడా తెగ్గొట్టగలిగే రకం) వేయండి, బ్యాటరీకి ఒక జానెడు దూరంలోపే. షార్ట్ సర్క్యూట్ అయితే లిథియం వేల ఆంపియర్లు విడుదల చేస్తుంది, మామూలు ఫ్యూజు కాలిపోయినా మధ్యలో మంట ఆగకపోవచ్చు. ఈ ఒక్క చోట పొదుపు చేయకండి. ఇన్సూరెన్స్ ఉంటే, లిథియం విషయంలో పాలసీ ఏమంటుందో పని మొదలుపెట్టక ముందే అడగండి.

300 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటే కొనకుండా మూడు 100లు అన్నదానికి కారణం ఉంది. ఒకదాని బీఎంఎస్ ఆగిపోయినా మిగతా రెండూ పడవను నడుపుతాయి. అయినా మూడూ ఖాళీ అయితే ఒకేసారి చీకటి పడుతుంది. సీసం బ్యాటరీ మెల్లగా నీరసించి సంకేతం ఇస్తుంది, ఇది ఇవ్వదు. వోల్టేజీ చాలాసేపు 13.2, 13.3 దగ్గరే ఉంటుంది కాబట్టి వోల్ట్‌మీటర్ చూసి ఏమీ తెలియదు. అందుకే షంట్ (వచ్చీపోయే కరెంటును కొలిచే భాగం) ఉన్న బ్యాటరీ మానిటర్ తప్పనిసరి, 25 శాతం దగ్గర అలారం పెట్టండి. నావిగేషన్ లైట్లు, వీహెచ్ఎఫ్ మాత్రం అవసరమైతే స్టార్టర్ బ్యాటరీకి మార్చుకునేలా ఒక స్విచ్ పెట్టండి. అది ఎక్కడుందో, ఎటు తిప్పాలో మీ ఆవిడకూ తెలియాలి. చీకట్లో, పడవ ఊగుతుండగా, చేత్తో తడిమి తిప్పగలిగేలా ఒకసారి ఇద్దరూ సాధన చేయండి.

బిగింపు గురించి కూడా. అమెరికన్ బోట్ అండ్ యాచ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బ్యాటరీ ఎటు లాగినా ఒక అంగుళం మించి కదలకూడదు. పడవ పూర్తిగా పక్కకు పడిపోయినా బ్యాటరీ చోటు కదలకూడదన్న దృష్టితో చేయించండి. కింద ప్లైవుడ్ పలకను ఫైబర్‌గ్లాస్‌తో పడవ ఒంటికి అతికించి, దానికి అంచులు కట్టి, పైనుంచి గట్టి పట్టీలు వేయాలి. పడవ ఒంట్లోకి నేరుగా స్క్రూ దింపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సోలార్ గురించి మీరు అడగలేదు, కానీ బ్యాంకు పెంచాక తర్వాతి ఆలోచన అదే అవుతుంది. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 30, 35 ఏహెచ్ ఇస్తుంది. లంగరు వేసుకున్న రోజుల్లో 200 వాట్లు మీ ఫ్రిజ్‌ను మోస్తాయి. కాకపోతే వెనక ఎత్తైన స్టీలు ఆర్చ్ కట్టించి దాని మీద పెట్టించుకోవద్దు. అది బరువును పైకీ వెనక్కీ ఒకేసారి చేరుస్తుంది. కాక్‌పిట్ పైన ఎండ కప్పు మీద తేలిక ప్యానెళ్లు చాలు.

పాత ఏజీఎంలలో పరీక్షలో నెగ్గింది ఉండి, మీ స్టార్టర్ బ్యాటరీ ముసలిదై ఉంటే దాని స్థానంలో వాడుకోవచ్చు, ఈ సైజు డీజిల్ ఇంజిన్‌ను అది తిప్పగలదు. రెండోదాన్ని రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి. ఎప్పుడైనా పనికొస్తుందని లాకర్‌లో ఉంచితే 30 కిలోలు మళ్లీ వెనక కొసకే చేరతాయి.